రెండు తెల్ల కార్లు, ఒక ఇత్తడి బ్రష్షు

పంజాగుట్టలో నేను ఫిల్మ్ వేసిన ఒక కారు బానెట్ మీద ఈగ వాలబోయి, జారిపడి, కాలు బెణికి, మూడు రోజులు మా షాపు ముందే కుంటుతూ తిరిగింది. ఈ సంగతి నేను కనీసం రెండు వందల మంది కస్టమర్లకు చెప్పి ఉంటాను. నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు, నవ్వనివాళ్ళూ ఒక్కరూ లేరు. నవ్విన మనిషి బేరానికి సగం ఒప్పుకున్నట్టే. అమీర్‌పేట చౌరస్తాలో లారీ వెనక నుంచి గుద్దితే కారు నలిగిపోయింది గానీ నేను వేసిన ఫిల్మ్ మాత్రం కారు ఆకారంలోనే నిలబడి ఉందని కూడా చెప్పేవాణ్ణి. అది కొంచెం ఎక్కువైందని మా ఓనరు గారు అన్నాక మానేశాను.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగిందే. నా నోటి చరిత్ర తెలిసినవాళ్ళు ఈ వాక్యం చదివి ఎలాంటి మొహం పెడతారో తెలుసు. పెట్టుకోనివ్వండి. నడుం మొరాయించి, దగ్గర చూపు మందగించి, యాభై నిండుతుండగానే బ్లేడు కింద పెట్టేసిన మనిషిని. ఇక ఎవరికీ ఏదీ అమ్మేది లేదు కాబట్టి అబద్ధం చెప్పే అవసరం కూడా తగ్గింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీరు అంతకంటే గట్టి హామీ నా దగ్గర ఆశించకండి.

పని గురించి రెండు ముక్కలు. కొత్త కారు రంగు మీద కంటికి కనపడని దళసరి ఫిల్మ్ ఒకటి వేస్తాం. సబ్బునీళ్ళు కొట్టి, దాని మీద పరిచి, రబ్బరు పట్టీతో నీళ్ళు బయటికి తోసేస్తే అతుక్కుంటుంది. అంచులు లోపలికి మడిచేస్తాం. రాళ్ళు తగిలినా, బైకువాడు హ్యాండిల్ రాసుకుంటూ పోయినా దెబ్బ ఫిల్మ్ తింటుంది, రంగు బతుకుతుంది. బాగా వేశామనడానికి గుర్తు ఏమిటంటే, వేసినట్టు తెలియకూడదు. రోజంతా చెమటోడ్చి, చివరికి ఏమీ చేయనట్టు కనపడటం కోసం జీతం తీసుకునే పని ఇదొక్కటే అనుకుంటాను.

మా షాపు పంజాగుట్ట పెద్ద రోడ్డు నుంచి లోపలికి మళ్ళిన ఒక సందులో ఉండేది. అప్పుడు మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. మైత్రీవనం వైపు నుంచి గాలి వీస్తే సిమెంటు దుమ్ము వచ్చేది. ఆ గాలితోపాటే కొత్త కార్లు కూడా వచ్చేవి. నిన్నటిదాకా హాస్టల్లో ఇద్దరికి ఒక మంచం పంచుకున్న మనిషి, హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికి మూడేళ్ళు తిరక్కుండానే కారు తాళం వేలికి తిప్పుకుంటూ దిగేవాడు. మాకు పండగే. దుమ్ము రేణువు ఒక్కటి ఫిల్మ్ కింద పడితే మాత్రం పండగంతా పాడు. అందుకని పొద్దున్నే షెడ్డు నేలంతా నీళ్ళు పోసి కడిగేవాళ్ళం. ఆ కడగడం మా పాలిష్ అన్న వంతు.

ఈయన ఎర్రగడ్డ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పాలిష్ మెషీన్ పట్టుకుంటే మంగలి చెయ్యి అంత నెమ్మది. నా కోతలు వినడానికే షాపుకు వస్తున్నట్టు వినేవాడు, చివర్న మాత్రం "అన్నీ అబద్ధాలే, కానీ మస్తుగున్నయ్" అనేవాడు. ఓనరు గారిది గుంటూరు వైపు. కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఆయన గొంతు ఎంత తగ్గితే మాకు అంత భయం.

నా బ్రష్షు కథ ఇక్కడ చెప్పాలి. మేము వేసే మంచి రకం ఫిల్మ్‌కు ఒక గుణం ఉంది. మీద సన్నటి గీతలు పడితే, కాస్త వేడి తగలగానే అవి వాటంతట అవే పూడుకుపోతాయి. ఎండ తగిలినా సరే, మరుగుతున్న నీళ్ళు పోసినా సరే. ఇది నా అబద్ధాల్లోకి రాదు, నిజంగా నిజం. కానీ నోటితో చెబితే నా మిగతా మాటల్లో కలిసిపోయేది. అందుకని ఇత్తడి తీగల బ్రష్షు ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. కస్టమర్ చూస్తుండగా, పని పూర్తయిన కొత్త కారు బానెట్ మీద బ్రష్షుతో బరబరా గీకేవాణ్ణి. ఆడవాళ్ళు అయ్యో అని నోటి మీద చెయ్యి పెట్టుకునేవాళ్ళు. మగవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. అప్పుడు ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తీర్థంలా పోసేవాణ్ణి. గీతలు కళ్ళ ముందే మాయం. ఆ తర్వాత బేరం ఆడినవాడు లేడు.

ఓనరు గారు రెండుసార్లు పట్టుకున్నారు. రెండోసారి గొంతు బాగా తగ్గింది.

"ఏంటిది? అది మనింటి బండా? చూపించాలంటే నమూనా రేకు ఉంది కదా, దాని మీద గీక్కో. ఇంకోసారి కస్టమర్ బండి మీద ఈ గారడీ చేశావంటే నువ్వు ఇంటికి పోవడమే. మళ్ళీ రానక్కర్లేదు."

నమూనా రేకు మీద గీకితే ఎవడు అయ్యో అంటాడు? కళాకారుడి బాధ ఓనర్లకు అర్థం కాదు.

ఆ వానాకాలంలో ఒక గురువారం, గంట తేడాలో రెండు కార్లు వచ్చాయి. ఒకే షోరూమ్, ఒకే మోడల్, ఒకే తెలుపు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. అసలు నంబర్లు ఇంకా రాలేదు కాబట్టి ముందూ వెనకా తాత్కాలిక నంబరు రాసిన టీఆర్ కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకదానికి చివర నాలుగు, ఇంకోదానికి చివర తొమ్మిది.

నాలుగు నంబరు బండి మైత్రీవనంలో జావా పాఠాలు చెప్పే సారుది. ముందు భాగం మొత్తానికి ఫిల్మ్ వేయమన్నారు. తాళం చేతికిచ్చి, శనివారం వస్తానని క్లాసుకు పరుగెత్తారు. తొమ్మిది నంబరు బండి ఒక స్టాఫ్ నర్సుగారిది. అక్కడికి దగ్గర్లోనే పెద్ద ఆసుపత్రిలో పని. మేము సిస్టర్ గారూ అనేవాళ్ళం. నలభై దాటిన మనిషి. వాళ్ళింట్లో కారు కొనడం అదే మొదలట. పదకొండేళ్ళు నైట్ డ్యూటీలు ఎక్కువగా అడిగి చేశానని, అది గొప్పగా కాదు, మామూలుగా చెప్పారు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు బండి మీద ప్రార్థన చేస్తారు, అప్పటిదాకా ఒక్క గీత పడకూడదని ఆవిడ కోరిక. తలుపుల అంచులకూ, పిడుల కిందా మాత్రం ఫిల్మ్ వేయమన్నారు. బానెట్ సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. పోయే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద అరచేయి ఆనించి, జ్వరం చూసినట్టు చూసి వెళ్ళారు.

రెండు బండ్లూ కడిగాం. కడిగేటప్పుడు తడుస్తాయని టీఆర్ కాగితాలు ఊడదీసి బల్ల మీద పెట్టాను. సారు బండికి ఆ రోజంతా కూర్చుని బానెట్, ముందు బంపరు పూర్తి చేశాను. సాయంత్రం దాన్ని షెడ్డు ముందుకు తెచ్చి, సిస్టర్ బండిని లోపలికి పెట్టి, కాగితాలు మళ్ళీ అంటించి ఇంటికి పోయాను. అంటించేటప్పుడు పాలిష్ అన్నకు ఒక కథ చెబుతున్నాను. ఏ కథో గుర్తులేదు. మంచి కథే అయి ఉంటుంది, అన్న పొట్ట పట్టుకుని నవ్వడం గుర్తుంది.

శుక్రవారం పొద్దుటి నుంచి మబ్బు. పది గంటలకు కరెంటు పోయింది. ఓనరు గారు ఖైరతాబాద్‌లో రవాణా ఆఫీసులో పని ఉందని వెళ్ళారు. పదకొండింటికి ఒక భార్యాభర్తా వచ్చారు. కాకినాడ యాస. ఆయన సాఫ్ట్‌వేర్, ఆవిడ లెక్కల టీచరు. ఈగ కథ విని ఆయన నవ్వాడు, ఒప్పుకునేలానే ఉన్నాడు గానీ ఆవిడ మాత్రం నన్ను పదో తరగతి కుర్రాణ్ణి చూసినట్టు చూస్తోంది.

"గీతలు వాటంతట అవే పోతాయా? మీ ఈగ కథ లాంటిదేనా ఇది కూడా?" అంది.

ఓనరు లేడు. బ్రష్షు జేబులో ఉంది. ముందు నిలబెట్టిన తెల్ల బండి నిన్న నా చేత్తో పూర్తిచేసిందే. ఇంకేం కావాలి?

"అమ్మా, ఇటు రండి" అన్నాను. బానెట్ మధ్యలో అరచేతి మేర బరబరా గీకాను. ఆయన అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ వేయలేదు. ఫ్లాస్కు మూత తీసి, చెయ్యి పైకెత్తి, ధార కట్టి పోశాను. నీళ్ళు జారిపోయాయి. గీతలు అలాగే ఉన్నాయి.

ఇంకొంచెం పోశాను. ఫ్లాస్కు ఖాళీ అయింది. గీతలు కదల్లేదు. పైగా కడిగినట్టయి ఇంకా బాగా కనపడుతున్నాయి.

"టైం పడుతుందా?" అన్నాడాయన జాలిగా.

"సెలవుల తర్వాత వద్దాం పదండి" అంది ఆవిడ.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడి, తర్వాత ఫ్లాస్కు అడుగున మిగిలిన చుక్కల్లో వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. కరెంటు పోకముందు కెటిల్‌లో కాచి పోసిన నీళ్ళు, ఫ్లాస్కు పాతది. ఓహో, ఇంతేనా అని ప్రాణం లేచివచ్చింది. అంతలో వంగి చూస్తే బంపరు మీద కాగితం కనపడింది. చివర తొమ్మిది.

సిస్టర్ బండి.

అప్పుడే పాలిష్ అన్న టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమైందిరా, ముఖం గట్ల పెట్టినవ్?"

"అన్నా, పొద్దుగాల బండ్లు జరిపినవా?"

"నేల కడగొద్దా మరి? రెండూ బయటికి తీసిన, కడిగిన, మల్ల పెట్టిన."

"ఏది ముందుంచినవ్, ఏది లోపల పెట్టినవ్?"

"నాకేం ఎరుక? రెండు తెల్లవే. తాళాలు బండ్లకే ఉండె, ఏది చేతికొస్తే అది తెచ్చిన. నంబర్ చూస్కోరాదు."

చూసుకున్నాను కదా. బ్రష్షు పెట్టకముందు చూసుకోవాల్సింది, పెట్టాక చూసుకున్నాను. ఫిల్మ్ లేని బానెట్ మీద, కంపెనీ రంగు మీద, ఇత్తడి తీగలతో గీకాను.

కంపెనీ రంగు అంటే ఏమిటో మీకు తెలుసు, తెలియనివాళ్ళకు చెబుతాను. ఫ్యాక్టరీలో కాల్చి పట్టించిన రంగు అది. ఒకసారి పోతే ఏ షెడ్డులోనూ మళ్ళీ అలా రాదు. ఎంత బాగా వేసినా అది రంగు వేసిన కారే, కొత్త కారు కాదు. నా ఉద్యోగం పోయేది ఎలాగూ ఖాయం. అది పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ఆవిడ పదకొండేళ్ళ నైట్ డ్యూటీలకు మాత్రం ఇంకో కొత్త బానెట్ ఎవరిస్తారు?

బానెట్ ఎత్తి అంచు దగ్గర గోరు పెట్టి చూడొచ్చు కదా, ఫిల్మ్ ఉందో లేదో తెలిసిపోయేది కదా అని మీరంటారు. అనండి. కార్ల పనిలో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మాట నాకు తట్టలేదు. నంబరు కళ్ళ ముందు ఉంటే ఇంక గోరెందుకు?

పాలిష్ అన్న కళ్ళజోడు పెట్టుకుని వంగి, వేలితో తడిమి చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మెషీన్ పెడితే సగం పోతయ్. సగం ఉంటయ్. కరెంటు సుత లేదు" అన్నాడు.

"మరెట్ల అన్నా?"

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "జర సోచాయించు. పైన ఫిల్మ్ ఏసెయ్. జిగురు గీతల్ల నిండుతది, ఎవనికి కనపడదు. షాపు తరఫున ఇనాం అని చెప్పు. గా తల్లి సంబురపడతది. ఫిల్మ్ తీసేనాటికి ఐదారేండ్లు. అప్పటికి నువ్వు యాడుంటవో, నేను ఉంటనో లేదో."

మా పనిలో ఇది నిజం. సన్నటి గీతల మీద ఫిల్మ్ పడితే అవి మాయమైనట్టే ఉంటాయి. పాలిష్ అన్న చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం నిలబెట్టడానికి ఆయనకు తెలిసిన దారి అది. నాకూ ఇంకో దారి కనపడలేదు. పని ఎంతదాకా వచ్చిందో చూడ్డానికి సిస్టర్ గారు నాలుగింటికి వస్తానన్నారు. రోల్ దించాను. బానెట్ కొలత ప్రకారం ముక్క కోశాను. సబ్బునీళ్ళు కొట్టాను. ఆ పక్క అన్న, ఈ పక్క నేను, ఫిల్మ్ రెండు చేతులా పట్టుకుని బానెట్ మీదికి వంగాం.

అక్కడ ఆగిపోయాను. ఏదో పెద్ద ధర్మం గుర్తొచ్చి ఆగానని చెబితే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ కాదు. ఆ క్షణంలో నాకు అనిపించింది ఒక్కటే. నేను పుట్టి బుద్ధెరిగి చెప్పిన ప్రతి అబద్ధాన్నీ పదిమందికి చెప్పి నవ్వించాను. ఇది మాత్రం పాలిష్ అన్నకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని అబద్ధం. ఆవిడ ఇనాం అనుకుని దణ్ణం పెడుతుంది. నేను ఎదురుగా నిలబడి పర్లేదమ్మా అనాలి. నవ్వెక్కడుంది ఇందులో? ఎవరూ నవ్వని అబద్ధం నాకెందుకు?

"అన్నా, వద్దు. దించు."

"పిస లేచిందారా? నౌకరీ పోతది."

"పోనియ్. దించు."

ముక్క మడత పడకుండా మళ్ళీ దాని కాగితం మీదికి పరిచి బల్ల మీద పెట్టాం. తడి బానెట్ తుడిచాను. గీతలు నన్నే చూస్తున్నాయి.

మూడింటికి ఓనరు గారు వచ్చారు. చెప్పాను. మొత్తం విన్నారు. ఆయన గొంతు ఎంత తగ్గిందంటే పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది.

"ఆవిడకి నువ్వే చెప్పు. చెప్పాక నీ సామాన్లు సర్దుకో."

నా సామానంటే ఎంత? రెండు రబ్బరు పట్టీలు, ఒక బ్లేడు పిడి, ఒక తువ్వాలు. ఆవిడ రాకముందే సర్దేశాను. బ్రష్షు మాత్రం సంచిలో పెట్టబుద్ధి కాలేదు.

నాలుగింటికి సిస్టర్ గారు వచ్చారు. చేతిలో గొడుగు, భుజానికి సంచి. రాగానే నవ్వారు. నవ్వినవాళ్ళకు ఇలాంటి మాట చెప్పడం ఎంత కష్టమో నాకు అంతకుముందు తెలియదు.

"సిస్టర్ గారూ, మీ బండి మీద నేను గీతలు పెట్టాను. బ్రష్షుతో. కావాలనే గీకాను. సారు బండి అనుకున్నాను."

ఆవిడ నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లమెల్లగా పోయింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బండి దగ్గరికి వెళ్ళి, వంగి, నిన్నటిలాగే అరచేయి ఆనించారు. తీగల గీతలు ఆవిడ చేతికి తగిలి ఉంటాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"కావాలని గీకడమేంటండీ?"

ఫిల్మ్ సంగతి, వేడినీళ్ళ సంగతి, నా గారడీ సంగతి అంతా చెప్పాను. ఓనరు గారు గోడవైపు చూస్తున్నారు. పాలిష్ అన్న నేలవైపు చూస్తున్నాడు.

"మీకసలు బుద్ధుందా?" అన్నారు ఆవిడ. "నేను సూది పొడిచే ముందు మందు సీసా మీద పేరు మూడుసార్లు చూస్తాను. తీసేటప్పుడు చూస్తాను, ఎక్కించేటప్పుడు చూస్తాను, సీసా పక్కన పెట్టేటప్పుడు చూస్తాను. ఇరవై ఏళ్ళ నుంచీ చేస్తున్నా ఇప్పటికీ అంతే. మీరు ఒక్కసారన్నా చూశారా?"

"చూశానండీ. గీకాక చూశాను."

పాలిష్ అన్నకు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి అన్నారు.

"సరే. మనిషికేం కాలేదు, రేకుకే అయింది. దాచకుండా మొహం మీద చెప్పారు. క్షమించాను. ఆదివారం ఇలాగే తీసుకెళ్తాను. ప్రార్థన గీతలకు కూడా చేస్తారు పాస్టరు గారు."

అది కోపం కంటే బరువుగా తగిలింది.

"నా డ్యూటీ చెప్పులు సీటు కింద మర్చిపోయాను, రాత్రికి కావాలి" అంటూ సంచిలోంచి తాళం తీశారు. షోరూమ్ వాళ్ళు రెండు తాళాలు ఇస్తారు కదా, రెండోది ఆవిడ దగ్గరే ఉంది. ఎదురుగా ఉన్న బండి వైపు పెట్టి నొక్కారు.

కీక్ కీక్ అని చప్పుడైంది. కానీ ఎదురుగా ఉన్న బండి కదల్లేదు, మెదల్లేదు. చప్పుడు వచ్చింది షెడ్డు లోపలి నుంచి.

నలుగురం లోపలికి చూశాం. ప్లాస్టిక్ తెర వెనక, చివర నాలుగు నంబరు కాగితం అంటించుకున్న బండికి నారింజ రంగు లైట్లు వెలిగి ఆరాయి.

ఆవిడ మళ్ళీ నొక్కారు. మళ్ళీ లోపలి బండే అరిచింది.

"ఇదేంటండీ?" అన్నారు.

నేను లోపలికి పరుగెత్తాను. సీటు కింద చెయ్యి పెడితే నల్ల కవరు తగిలింది. కవర్లో తెల్ల చెప్పులు. వెనక్కి పరుగెత్తి, ముందున్న బండి బానెట్ ఎత్తి, అంచు కింద గోరు పెట్టాను. ఫిల్మ్ మడత తగిలింది. నేను గురువారం మడిచిన మడతే. నా చేత్తో వేసిన ఫిల్మ్‌నే నేను పొద్దుటి నుంచీ రంగు అనుకుని ఏడుస్తున్నాను.

బండ్లు మారలేదు. కాగితాలు మారాయి. గురువారం సాయంత్రం పాలిష్ అన్నకు కథ చెబుతూ చెబుతూ సారు కాగితాలు సిస్టర్ బండికీ, సిస్టర్ కాగితాలు సారు బండికీ అంటించింది నేనే.

"నీళ్ళు, అన్నా! వేడినీళ్ళు!"

పాలిష్ అన్న ఆ వయసులో ఆ పరుగు ఎలా పరుగెత్తాడో ఇప్పటికీ తెలియదు. సందు చివర ఇరానీ హోటల్‌లో గ్యాస్ పొయ్యి మీద టీ నీళ్ళు ఎప్పుడూ మరుగుతూనే ఉంటాయి. రోజుకు ఆరుసార్లు పోయి కూర్చునే ఆ హోటల్ పొద్దుటి నుంచీ ఇద్దరికీ గుర్తు రాలేదు. డబ్బా నిండా పొగలు కక్కే నీళ్ళు తెచ్చాడు. ఈసారి నేను పోయలేదు. ఆయనే పోశాడు. అరచేతి మేర ఉన్న గీతలు, తడి ముగ్గు ఎండేకొద్దీ తేలి కనపడుతుందే, సరిగ్గా దానికి తిరగేసినట్టు, ఒక్కొక్కటే పలచబడి, పలచబడి, పోయాయి. తెల్లటి బానెట్ మిగిలింది. దాని మీద మబ్బు నీడ ఒకటి.

"అబద్ధం కాదన్నమాట" అన్నారు సిస్టర్ గారు.

ఓనరు గారు వంగి చూశారు, నిటారుగా నిలబడ్డారు, మళ్ళీ వంగి చూశారు. "సామాన్లు ఎక్కడివక్కడ పెట్టెయ్" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. ఆయన మామూలు గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఆ బ్రష్షు మాత్రం ఇటియ్యి."

ఇచ్చేశాను. టైరు పక్కనే నేల మీద కూలబడ్డాను. పాలిష్ అన్న నవ్వు మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. సిస్టర్ గారు లోపలికి వెళ్ళి తన అసలు బండి చుట్టూ తిరిగి, బానెట్ మొత్తం అరచేత్తో తడిమి, తృప్తిగా బయటికి వచ్చారు.

"ఇంతకీ నేను క్షమించింది దేనికి?" అన్నారు. "నా బండికి ఏమీ కాలేదు కదా."

"వెనక్కి తీసుకోండి సిస్టర్ గారూ."

"అనేశాక వెనక్కి తీసుకోవడమేంటండీ. మీ దగ్గరే ఉంచుకోండి. మిమ్మల్ని చూస్తే మళ్ళీ అవసరం పడేలాగే ఉన్నారు."

నేను బల్ల వైపు చూశాను. ఊరుకుని ఉంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పాలిష్ అన్న వద్దు వద్దని కళ్ళతో చెబుతున్నాడు.

"అయితే ఇప్పుడే వాడేసుకుంటానండీ" అన్నాను. "పదకొండున్నరకి ఆ గీతల మీద ఫిల్మ్ వేసి, షాపువాళ్ళ ఇనాం అని మీకు చెబుదామనుకున్నాను. ముక్క కూడా కోసేశాను. అదిగో, బల్ల మీద."

ఓనరు గారు బల్ల వైపు తిరిగారు. రోల్‌లోంచి బానెట్ మేర తగ్గిన సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. సిస్టర్ గారు ఆ ముక్క దగ్గరికి వెళ్ళి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ చూపు కింద నేను ఇంకోసారి ఉద్యోగం పోగొట్టుకున్నాను అనుకున్నాను.

"వేయలేదు కదా?"

"లేదండీ."

"సరే, అయిపోయింది. ఇక మీ దగ్గర ఏమీ మిగల్లేదు, జాగ్రత్త." వేలితో ఆ ముక్క అంచు ముట్టుకున్నారు. "ఇది నా బండికి సరిపోతుందా?"

"కొలత అదేనండీ."

ఆవిడ ఓనరు గారి వైపు చూశారు. కోసిన ముక్క రోల్‌కు మళ్ళీ అతకదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. నిట్టూర్చి, చెయ్యి ఊపి, లోపలికి వెళ్ళిపోయారు.

"అయితే వేసేయండి" అన్నారు సిస్టర్ గారు. "ఈసారి కింద ఏమీ లేకుండా."

పాలిష్ అన్న సబ్బునీళ్ళ సీసా అందుకున్నాడు. నేను రబ్బరు పట్టీలు సంచిలోంచి తీసి, లోపలి బండి ముందు నిలబడి, రెండు బండ్ల కాగితాలూ సరిగ్గా మార్చి అంటించి, నంబరు మూడుసార్లు చూశాను. అయినా ధైర్యం చాలలేదు.

"సిస్టర్ గారూ, తప్పుగా అనుకోకండి" అన్నాను. "ఆ తాళం ఇంకొక్కసారి నొక్కండి."